మెటుచెన్ బరోని ఎడిసన్‌లో కలిపేస్తే ట్యాక్స్ తగ్గుతుందా?

శ్రీకాంత్_ఎన్‌జె:
మన న్యూజెర్సీలోని మెటుచెన్ బరో (సొంత పాలన ఉన్న చిన్న ఊరు) మొత్తం మూడు చదరపు మైళ్లు కూడా లేదు. 2020 జనాభా లెక్కల్లో 15,049 మంది. నాలుగు వైపులా 1,07,588 మంది ఉన్న ఎడిసన్ టౌన్‌షిప్పే (అదీ సొంత పాలన ఉన్న ఊరే). ఇంత ఊరికి విడిగా మేయరు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు, విడిగా పోలీసు, విడిగా స్కూల్ బోర్డు అవసరమా? రెండూ కలిపేస్తే ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గదా? మనవాళ్లు రెండు చోట్లా ఇళ్లు కొంటున్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నా మటుకు నేను కలపాలనే అంటాను.

గారె_చిల్లు:
నా పేరు చూశారుగా, మెటుచెన్ మ్యాపు చూసే పెట్టుకున్నా 🙂 ఆ చిల్లు ఎలా పడిందో తెలియకుండా పూడ్చే మాట ఎందుకండీ?

1878 చట్టం వచ్చాక న్యూజెర్సీలో ఊళ్లో కొంత భాగం వాళ్లు అర్జీ పెట్టి, ఓటేసుకుని బరోగా విడిపోవడం తేలికైంది. 1894లో స్కూళ్ల చట్టం మారి, టౌన్‌షిప్‌లోని బళ్లన్నీ ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ (బళ్లు నడిపే పాలనా విభాగం) కిందికి రావాలన్నారు. బరోకైతే సొంత డిస్ట్రిక్ట్ ఉండొచ్చు. ఇంకేముంది, పక్కవాళ్ల బడికి మా డబ్బెందుకని ఎక్కడికక్కడ విడిపోయారు. బెర్గెన్ కౌంటీలో ఆ ఒక్క ఏడాదే పాతిక దాకా బరోలు పుట్టాయి. ఆ జోరు చూసి కొన్నేళ్లకే బరో ఏర్పాటు అధికారాన్ని శాసనసభ తన చేతుల్లోకి తీసుకుంది. మెటుచెన్ ఆ తర్వాతిది: 1900 మార్చిలో శాసనసభ చట్టంతోనే రారిటన్ టౌన్‌షిప్ నుంచి విడిపడింది. ఆ రారిటనే 1954లో ఎడిసన్‌గా పేరు మార్చుకుంది, థామస్ ఎడిసన్ మెన్లో పార్క్ ల్యాబ్ అక్కడిదే కాబట్టి.

మొత్తం మీద ఈ రాష్ట్రంలో ఇన్ని బరోలుండటానికి పెద్ద కారణం బడి. కలపడానికి అడ్డం పడేదీ అదే.

లెక్కల_మాస్టారు:
శ్రీకాంత్ గారూ, ముందు మీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి. అందులో మునిసిపల్, స్కూల్, కౌంటీ పద్దులు విడివిడిగా ఉంటాయి. సాధారణంగా సగానికి పైగా స్కూలుకే పోతుంది. మేయరు, పోలీసు, చెత్త బండి ఇవన్నీ మునిసిపల్ వాటాలో.

ఉదాహరణకి బిల్లు 14,400 డాలర్లు, అందులో మునిసిపల్ వాటా 3,300 అనుకుందాం. రెండు ఊళ్లూ కలిసి ఆ పద్దులో 5 శాతం ఆదా చేస్తే మీకు మిగిలేది ఏడాదికి 165 డాలర్లు. స్కూల్ పద్దు కదలనంత వరకు ఇంతే సంగతులు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు: రెండు ఊళ్ల ట్యాక్స్ రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చేయడం. రేటు అనేది అసెస్‌మెంట్ (పన్ను కోసం ఊరు కట్టిన ఇంటి విలువ) మీద ప్రతి 100 డాలర్లకి. అసెస్‌మెంటేమో ఒక్కో ఊళ్లో మార్కెట్ ధరలో ఒక్కో శాతం. 6 లక్షల ఇల్లు ఒక ఊళ్లో 40 శాతానికి, అంటే 2,40,000కి అసెస్ అయి రేటు 6.00 ఉంటే ట్యాక్స్ 14,400. ఇంకో ఊళ్లో 45 శాతానికి, అంటే 2,70,000కి అసెస్ అయి రేటు 5.40 ఉంటే 14,580. రేటు తక్కువ, కట్టేది ఎక్కువ. (ఇవి లెక్క తెలియడానికి వేసిన అంకెలు, ఈ రెండు ఊళ్లవి కావు.) ఊళ్లు కలిస్తే ఈ తేడా సరిచేయక తప్పదు. మళ్లీ ఇళ్ల విలువలు కడితే కొందరికి తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. పెరిగినవాళ్లు ఊరుకోరు.

శ్రీకాంత్_ఎన్‌జె:
మరి ప్రిన్స్‌టన్ ఎలా కలిసింది? అదీ ఇలాంటిదేగా, టౌన్‌షిప్ మధ్యలో బరో.

గారె_చిల్లు:
చూడ్డానికి అలాంటిదే. కానీ అక్కడ రెంటికీ స్కూల్ డిస్ట్రిక్ట్ అప్పటికే ఒకటి. లైబ్రరీ ఒకటి, ప్లానింగ్ బోర్డూ ఒకటే. అంత కలిసి ఉండి కూడా 1953, 1979, 1996 ఓటింగుల్లో వీగిపోయింది. 2011 నవంబరులో గట్టెక్కింది: బరోలో 1,385–902, టౌన్‌షిప్‌లో 3,542–604. రెండు చోట్లా విడివిడిగా నెగ్గాలి, మొత్తం ఓట్లు కలిపి చూడరు. 2013 జనవరి 1న ఒక్కటయ్యాయి.

ఆ తర్వాత పని ఎలా నడిచిందో కూడా చూడండి. బరోలో చెత్త మునిసిపాలిటీ ఎత్తేది, టౌన్‌షిప్‌లో జనం సొంతంగా కాంట్రాక్టర్ని పెట్టుకునేవారు. కలిశాక అందరికీ ఎత్తాల్సి వచ్చింది. జనానికి మంచిదే, కానీ బడ్జెట్లో అది కొత్త ఖర్చు. జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చన్న) నిబంధనలైతే పాత బరోకి ఒకటి, పాత టౌన్‌షిప్‌కి ఒకటిగా ఏళ్ల తరబడి అలాగే నడిచాయి.

ప్రిన్స్‌టన్ కంటే ముందు పక్క ఊళ్లో కలిసింది పహక్వారీ అనే టౌన్‌షిప్, 1997లో. ఆ తర్వాత 2022లో పైన్ వ్యాలీ, అది గోల్ఫ్ క్లబ్బు చుట్టూ ఉన్న బరో. ఈ రెంటిలో జనం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాతికేళ్ల పైచిలుకులో 567 ఊళ్లు 564 అయ్యాయి, అంతే.

ఓక్‌ట్రీ_బాబాయ్:
లెక్కలు సరే, ఓటు మాటేంటి? కలిపితే మొత్తం జనంలో మెటుచెన్ వాటా 12 శాతం. ఎడిసన్‌లో కౌన్సిల్‌ని వార్డుల వారీగా కాదు, ఊరంతా కలిపి ఎన్నుకుంటారు. ఆ పద్ధతే కొనసాగితే బరో వాళ్లంతా ఒక్క మాట మీదున్నా ఒక్క సీటూ ఖాయం కాదు. ఇప్పుడైతే ఏటా నవంబరులో రెండు సీట్లకి ఎన్నిక. మెయిన్ స్ట్రీట్‌లో పార్కింగ్ పోతుందనో, స్టేషన్ పక్కన అపార్ట్‌మెంట్లు ఎక్కువయ్యాయనో అడగాలంటే బరో హాల్‌కి నడిచి వెళ్లొచ్చు. 2023లో ఆ మెయిన్ స్ట్రీట్‌కి గ్రేట్ అమెరికన్ మెయిన్ స్ట్రీట్ అవార్డు వచ్చింది. దుకాణాలు, స్టేషన్, పార్కింగ్ మూడూ ఒకే చిన్న కౌన్సిల్ కళ్లెదుట ఉండబట్టేనని నా నమ్మకం. ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు సందడి నాకిష్టమే, కానీ రెండింటి అవసరాలు వేరు బాబూ.

శ్రీకాంత్_ఎన్‌జె:
బాబాయ్ గారూ, స్వపరిపాలన బాగానే ఉంది, దాని ఖరీదు ఎవరు కడతారు? ఊళ్లు కలిపి స్కూళ్లు విడిగా ఉంచితే పోలా?

లెక్కల_మాస్టారు:
అదే చిక్కు. రీజినల్ డిస్ట్రిక్టుల్ని (కొన్ని ఊళ్లు కలిసి నడిపేవి) పక్కన పెడితే, ప్రతి మునిసిపాలిటీ ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ అన్నది రాష్ట్ర చట్టంలోని మూల సూత్రం. ఊళ్లు కలపాలనగానే మెటుచెన్ హైస్కూల్ సంగతేంటన్న ప్రశ్న వచ్చి పడుతుంది. ఆ స్కూలు చూసే ఇల్లు కొన్నవాళ్లు ఓటెందుకేస్తారు? ఇక ఉద్యోగుల జీతాలు: రెండు పోలీసు యూనియన్ల కాంట్రాక్టులు ఒకటి చేయాలంటే ఎక్కువ జీతమున్నవాళ్లు తగ్గడానికి ఒప్పుకోరు, తక్కువున్నవాళ్లు పెంచమంటారు. ఆదా అనుకున్నది మొదటి రెండు మూడేళ్లలో అక్కడే కరిగిపోవచ్చు.

దానికన్నా 2007 చట్టం కింద షేర్డ్ సర్వీస్ ఒప్పందాలు (ఊళ్లు విడిగానే ఉండి పనులు పంచుకోవడం) మేలు. ఒక్కో పని విడిగా పంచుకోవచ్చు: కోర్టు, డిస్పాచ్ (అత్యవసర ఫోన్లు అందుకుని మనుషుల్ని పంపే విభాగం), వీధులూడ్చే యంత్రం. ఒప్పందంలో నాలుగు విషయాలు స్పష్టంగా రాసుకోవాలి: ఏ పని ఏ ప్రమాణంలో, ఖర్చు పంచే సూత్రం (జనాభా మీదా, వచ్చిన కాల్స్ లెక్క మీదా), గడువు (వేరే మాట అనుకోకపోతే చట్టం ప్రకారం 10 ఏళ్లు), మధ్యలో తప్పుకుంటే కొన్న యంత్రం ఎవరిది. చాలా ఒప్పందాలు తేలేదీ మునిగేదీ ఖర్చు సూత్రం దగ్గరే. జనాభా మీద పంచితే పెద్ద ఊరు గోల పెడుతుంది, కాల్స్ మీద పంచితే ప్రతి ఏడాదీ తగువు.

శ్రీకాంత్_ఎన్‌జె:
పోలీసు కలపకుండా వీధులూడ్చే బండి పంచుకుంటే 165 కాదు, 16 డాలర్లు మిగులుతాయి 😄 నా అభిప్రాయం మారలేదు. అయితే స్కూళ్లు ముందు తేలాలన్నది ఒప్పుకుంటా.

కొత్త_సభ్యురాలు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. అడ్రసులో మెటుచెన్ అని ఉన్న ఇంటికి స్కూలు కూడా మెటుచెనేనా? ఏజెంట్ అవునంటున్నారు.

లెక్కల_మాస్టారు:
అడ్రసు చూసి నమ్మకండమ్మా. జిప్ కోడ్ గీత పోస్టాఫీసుది, ఊరి గీత కాదు. లిస్టింగ్‌లో (అమ్మకానికి పెట్టిన ఇంటి ప్రకటనలో) ఆ స్థలానికి బ్లాక్, లాట్ నంబర్లు ఉంటాయి. వాటితో మిడిల్‌సెక్స్ కౌంటీ ట్యాక్స్ రికార్డుల్లో ఏ మునిసిపాలిటీ అని ఉందో చూడండి. ఎడిసన్ అని ఉంటే ట్యాక్సూ స్కూలూ ఎడిసనే. తర్వాత ఇంటి నంబరు చెప్పి ఆ డిస్ట్రిక్ట్ రిజిస్ట్రేషన్ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఇదంతా అడ్వాన్స్ కట్టక ముందే.