కూల్‌డ్రింక్, పళ్ళు: ఈ ప్రయోగం ఎలా పెట్టాలి?

మా పాప ఎనిమిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి కూల్‌డ్రింక్‌తో పళ్ళు ఎలా పాడవుతాయో చూపిస్తానంటోంది. పంటి బదులు కోడిగుడ్డు పెంకు వాడదామనుకున్నాం. కానీ పెంకు కాల్షియం కార్బనేట్, పంటి ఎనామిల్ (గట్టి పైపొర) హైడ్రాక్సీఅపటైట్ అనే వేరే ఖనిజం. జడ్జీలు అదే అడిగితే ఏం చెప్పాలి? ఊడిన పాలపన్ను ఒక్కటే ఉంది, దాంతో ఏం తేలుతుంది!

కోలా, డైట్ కోలా (చక్కెర లేనిది), చక్కెర నీళ్ళు, మామూలు నీళ్ళు పెడుతున్నాం, తప్పు ఆమ్లానిదా చక్కెరదా తెలియాలని. పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరుగుతుంది, కోలా 2.5 దగ్గర ఉంటుంది. అయితే చక్కెరను ఆమ్లంగా మార్చేది నోట్లోని బ్యాక్టీరియా, గ్లాసులో అది ఉండదు. మరి చక్కెర నీళ్ళ గ్లాసు దండగేనా?

ఇంకోటి, పెంకు ఎంత కరిగిందో తూచి చూద్దామంటే మా వంటింటి కాటా గ్రాము కంటే తక్కువ చూపదు. పెంకు ఆరబెట్టి బంగారం కొట్లో తూయించొచ్చా, లేక వేరే కొలత ఏదైనా ఉందా? చేయించినవాళ్ళు కాస్త చెప్పండి.