లోక్‌సభ ఓటింగు: తెర మీద ఒక అంకె, చివరికి ఇంకో అంకె ఎందుకు? మన ఎంపీ ఓటు ఎక్కడ చూడాలి?

నాగావళి (ప్రశ్న)

2025 ఏప్రిల్ 2 నాటి లోక్‌సభ సమావేశం రికార్డింగు మొత్తం చూస్తున్నాను. వక్ఫ్ సవరణ బిల్లు మీద మధ్యాహ్నం మొదలైన చర్చ అర్ధరాత్రి దాటాక ఓటింగుకు వచ్చింది, 288–232తో నెగ్గింది. ఆ వెంటనే, రాత్రి రెండు దాటాక, మణిపూర్‌లో రాష్ట్రపతి పాలనకు ఆమోదం కోరే తీర్మానం తీసుకున్నారు. అది కాసేపట్లోనే మూజువాణి ఓటుతో అయిపోయింది. ఒకే రాత్రి ఒకదానికి లెక్క, ఇంకోదానికి కేకలు. ఏది ఎలా జరగాలో ఎవరు తేలుస్తారు? ఇంకోటి, 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టినప్పుడు తెర మీద 220–149 కనిపించి చివరికి 269–198 అయింది. దాదాపు వంద ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మా ఎంపీ ఎటు ఓటేశారో పేరుతో సహా చూసే వీలుందా?

గోదారిగట్టు

మొదటి సందేహానికి జవాబు లోక్‌సభ నియమాల్లో 367వది. మూజువాణే మామూలు పద్ధతి, లెక్కింపు అడిగితేనే వస్తుంది. అడగకపోతే రాదు. మొత్తం కిటుకు అక్కడే ఉంది.

క్రమం ఇలా ఉంటుంది. స్పీకర్ ప్రశ్న పెట్టి, అనుకూలురు "అవును" అనమంటారు, వ్యతిరేకులు "కాదు" అనమంటారు. ఏ గొంతు పెద్దదనిపిస్తే వాళ్లు నెగ్గినట్టు తన అభిప్రాయం చెబుతారు. గమనించండి, అది ఇంకా నిర్ణయం కాదు, అభిప్రాయమే. ఆ క్షణంలో ఏ సభ్యుడైనా ఒప్పుకోనని "డివిజన్", అంటే ఓట్ల లెక్కింపు, అడిగితే లాబీలు (సభ చుట్టూ ఉండే వరండాలు) ఖాళీ చేయమంటారు. గంటలు మోగుతాయి. మూడున్నర నిమిషాలు గడిచాక ప్రశ్నను రెండోసారి పెడతారు, మళ్లీ అభిప్రాయం చెబుతారు. దాన్ని కూడా కాదంటేనే ఓట్లు నమోదు చేస్తారు. అంటే అభ్యంతరం రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి అరిచి, గంటలు మోగాక ఊరుకుంటే మూజువాణే ఖాయమవుతుంది.

ఆ మూడున్నర నిమిషాలు బయట ఉన్నవాళ్లు లోపలికి రావడానికి. తర్వాత తలుపులు మూస్తారు. అర్ధరాత్రి ఓటింగంటే విప్‌లకు, అంటే పార్టీ సభ్యులను ఓటింగుకు రప్పించే నాయకులకు, అసలు పని ఇదే. పగలు హాజరు వేసుకున్న వాళ్లందరినీ ఆ సమయానికి సీట్లలో కూర్చోబెట్టాలి.

నియమంలో ఒక మెలిక ఉంది. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్‌కు అనిపిస్తే, సభ్యులను ఉన్నచోటే నిలబడమని తలలు లెక్కించి తేల్చేయవచ్చు. అప్పుడు సంఖ్య తెలుస్తుంది గానీ పేర్లు నమోదు కావు. అడగడానికి కనీసం ఇంతమంది ఉండాలన్న షరతు మాత్రం 367లో లేదు. ఒక్కరు చాలు. నా మటుకు నాకు ఆ నియమం మొత్తంలో అత్యంత విలువైన మాట అదే.

మీరు చూసిన రాత్రి కూడా బిల్లు మీద ఓటింగు ఒక్కసారిగా జరగలేదు. చర్చకు మంత్రి జవాబిచ్చాక ముందు బిల్లును పరిశీలనకు తీసుకోవాలన్న ప్రతిపాదన, తర్వాత రెండో క్లాజు (బిల్లులోని సెక్షను) నుంచి వరసగా ఒక్కో క్లాజు, దాని మీద సవరణలు. మొదటి క్లాజు, పీఠిక, పేరు చివర్లో వస్తాయి. ఆఖరున "బిల్లును ఆమోదించాలి" అన్న ప్రతిపాదన. 288–232 ఆ ఆఖరి మెట్టు అంకె. సవరణ నోటీసు ఇచ్చిన సభ్యుడు తన క్లాజు వచ్చే వేళకు సభలో ఉండి ప్రతిపాదించాలి. లేకపోతే ఆ సవరణ ఓటింగుకే రాదు. రాత్రి ఒంటిగంటకు క్లాజులు నడిచినప్పుడు చాలా సవరణలు అలాగే జారిపోతుంటాయి.

చుక్కగుర్తు

తెర మీది అంకె సంగతి నేను చెబుతాను. పాత పార్లమెంటు భవనంలోని ఓటింగు యంత్రంలో సభ్యుడు ఒక చేత్తో ఓటు ప్రారంభించే స్విచ్చు, ఇంకో చేత్తో రంగు బటన్ ఒకేసారి నొక్కాలి. ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. మొదటి గంటకు నొక్కి, పది సెకన్ల తర్వాత రెండో గంట మోగేదాకా వదలకూడదు. మధ్యలో ఒక వేలు తీసినా ఓటు పడదు. తన సీటులో కాక పక్క సీటులో కూర్చుని నొక్కితే అది పక్కవారి ఖాతాలో పడుతుంది. అందుకే పెద్ద ఓటింగులన్నిటిలో తెర అంకె తక్కువగానే వస్తుంది. 2008 జులై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వ విశ్వాస పరీక్షలో తెర మీద 253–232 వచ్చి, చీటీలు కలిపాక 275–256 అయింది.

యంత్రంలో పడనివాళ్లూ తప్పు బటన్ నొక్కినవాళ్లూ చీటీ అడుగుతారు. సిబ్బంది సీట్ల దగ్గరికి తెచ్చిస్తారు, సంతకం చేసి ఇవ్వాలి. అందుకే స్పీకర్ మొదటి అంకె చదివేటప్పుడు "సవరణకు లోబడి" అని కచ్చితంగా అంటారు. 2024 డిసెంబరు 17 అయితే కొత్త భవనంలో యంత్రంతో జరిగిన మొదటి ఓటింగు. ఆ వంద ఓట్లూ చీటీల ద్వారా వచ్చినవే, కొత్తగా ఎవరూ లోపలికి రాలేదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు వచ్చిన 454–2 మొత్తం కాగితపు చీటీలతోనే తేల్చారు, కొత్త సభలో సీట్లకు డివిజన్ నంబర్లు (యంత్రంలో ఓటుకు సభ్యుడికిచ్చే సీటు సంఖ్య) అప్పటికి కేటాయించలేదు గనుక.

నాగావళి

చాలా స్పష్టంగా చెప్పారండీ. అయితే 269 మంది అవునన్నా జమిలి బిల్లుకు "బలం చాలలేదు" అని పేపర్లో రాశారు కదా, మరి ప్రవేశం ఎలా నెగ్గింది? డివిజన్ అడిగినా ఇవ్వకపోతే ఏం చేయాలి?

గోదారిగట్టు

ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. ఇది రాజ్యాంగ సవరణ బిల్లు కాబట్టి, ఆమోదానికే రాజ్యాంగంలోని 368వ అధికరణం అడ్డొస్తుంది. దాని ప్రకారం రెండు గీటురాళ్లు ఒకేసారి దాటాలి: సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, అంటే 543లో 272, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు. ఆ రోజు ఓటేసింది 467 మంది. అందులో మూడింట రెండొంతులు 311.33, కాబట్టి 312 కావాలి. 269తో రెండూ దాటలేదు.

ఆ దశాంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. 1970 సెప్టెంబరులో రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే భృతి) రద్దు బిల్లుకు రాజ్యసభలో 149 అనుకూలం, 75 వ్యతిరేకం. 224లో మూడింట రెండొంతులు 149.33. మూడోవంతు ఓటు తక్కువై బిల్లు పడిపోయింది. తటస్థంగా ఉన్నవాళ్లను "ఓటేసినవారి" లెక్కలో కలపరు, కాబట్టి తటస్థ బటన్ నొక్కితే కావలసిన సంఖ్య తగ్గుతుంది, వ్యతిరేకంగా నొక్కితే పెరుగుతుంది. రాజ్యాంగ సవరణలకు మూజువాణి కుదరదు, డివిజన్ తప్పనిసరి.

మామూలు మెజారిటీ లెక్క ఎంత సన్నగా ఉండగలదో 1999 ఏప్రిల్ 17 చెబుతుంది. వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది. బయటినుంచి మద్దతిచ్చిన తెలుగుదేశం తరఫున గెలిచిన జి.ఎం.సి. బాలయోగి స్పీకర్ స్థానంలో ఉన్నారు. 100వ అధికరణం ప్రకారం స్పీకర్ మొదట ఓటేయరు, రెండు వైపులా సమానమైతేనే వేస్తారు. ఒక్క ఓటు తేడాతో పోయింది గనుక ఆయన ఓటు లెక్కలోకే రాలేదు. అదే రోజు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్న గిరిధర్ గమాంగ్ కోరాపుట్ లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు గనుక ఓటేయగలిగారు.

డివిజన్ ఇవ్వకపోవడం గురించి. సభ్యులు పోడియం దగ్గర ఉంటే "ముందు సీట్లలోకి వెళ్లండి" అనడం మామూలే. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు అలాగే మూజువాణితో అయ్యాయి. అడిగినవాళ్లు సీట్లలో లేరని అధ్యక్ష స్థానం, ఉన్నామని ప్రతిపక్షం వాదించుకున్నాయి. కాబట్టి నిరసన ఎంత ఉన్నా, ఓటింగు వేళకు కనీసం ఒకరు తన సీటులో నిలబడి, మైకులో వినపడేలా, రెండుసార్లూ అడగాలి.

మన దగ్గర దీని వల్ల తగిలిన దెబ్బ చిన్నది కాదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణితో నెగ్గింది, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన రాజ్యాంగం మూడో అధికరణం కింద వచ్చిన బిల్లు కాబట్టి మామూలు మెజారిటీ చాలు, ఆ మేరకు లోపం లేదు. కానీ రెండు రాష్ట్రాల ప్రజల బతుకులు మార్చిన బిల్లు ఆమోదానికి ఎవరు ఎటు ఓటేశారో పేర్ల జాబితా లేదు. విభజన కోరుకున్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ ఇద్దరికీ అది అన్యాయమే.

వంశధార

అవిశ్వాస తీర్మానానికి ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. చర్చకు అనుమతి రావాలంటే కనీసం 50 మంది లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కించాలి. 2018 మార్చిలో తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ రోజూ నోటీసులిచ్చినా, సభ సద్దుమణగలేదు కాబట్టి తలలు లెక్కించలేనని స్పీకర్ వాయిదా వేస్తూ వచ్చారు. వెల్‌లో (స్పీకర్ ఎదుటి ఖాళీ స్థలంలో) నిరసనకు దిగింది వేరే పార్టీలు, నష్టపోయింది నోటీసు ఇచ్చినవాళ్లు. చివరికి జులై 20న కేశినేని శ్రీనివాస్ పెట్టిన తీర్మానం మీద ఓటింగు జరిగి 126–325తో వీగిపోయింది. 2023 ఆగస్టులో వచ్చిన అవిశ్వాసం మూజువాణితోనే పోయింది.

ఎంపీ ఓటును చదివేటప్పుడు విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, మరవకండి. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటు మానేసినా రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధం) కింద సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లో మన్నిస్తే పోదు.

చుక్కగుర్తు

పేరు వెతికే పద్ధతి: సంసద్ డాట్ ఇన్‌లో లోక్‌సభ విభాగం, అందులో చర్చల పూర్తి పాఠం, తేదీ ఎంచుకోండి. సమావేశం అర్ధరాత్రి దాటినా అది మొదలైన తేదీ కిందే ఉంటుంది. వక్ఫ్ ఓటింగు కోసం ఏప్రిల్ 3 తెరిస్తే దొరకదు, ఏప్రిల్ 2 తెరవాలి. ఫైలులో "డివిజన్" అని ఇంగ్లిషులో వెతికితే అనుకూలురు, వ్యతిరేకుల పేర్లు అక్షర క్రమంలో వస్తాయి. ఇంటిపేరు గానీ చివరి పేరు గానీ ముందుంటుంది, కాబట్టి మన రెడ్డి, నాయుడు, రావు పేర్లను రెండు రకాలుగానూ వెతకండి.

జాబితా కింద చిన్న అక్షరాల్లో చీటీల ద్వారా ఓటేసినవారి, ఓటు దిద్దుకున్నవారి పేర్లు వేరే ఉంటాయి. అది చూడకుండా "మా ఎంపీ ఓటేయలేదు" అని రాసేవాళ్లు చాలామంది. నిజంగానే రెండు చోట్లా పేరు లేకపోతే ఆయన ఆ క్షణంలో ఓటు వేయలేదని మాత్రమే అర్థం. హాజరు పట్టీ వేరు, ఉదయం హాజరు వేసుకుని సాయంత్రం వెళ్లిపోయినా ఆ రోజు హాజరు కిందే లెక్క. మంత్రులు ఆ పట్టీలో హాజరు వేసుకోరు కాబట్టి వాళ్ల విషయంలో అది ఎలాగూ పనికిరాదు. మణిపూర్ తీర్మానానికి మాత్రం వెతకకండి, మూజువాణికి పేర్లుండవు. ఆ చర్చలో ఎవరేం మాట్లాడారో అదే ఫైలు చివర్లో ఉంటుంది.