అప్‌డేట్: నేరేడు పళ్ల రంగు ఎటు పోయిందన్న నా ప్రశ్నకు దొరికిన జవాబు

బీసెంట్ రోడ్డులో కొన్న నేరేడు పళ్లు అరకిలో దాకా తిన్న మా ఎనిమిదేళ్ల పాపకు మరునాడు మలం నల్లగా వచ్చిందనీ, మూత్రం మాత్రం మామూలుగానే ఉందనీ, మరి ఆ రంగంతా ఎటు పోయిందనీ పోయిన వారం మిమ్మల్ని అడిగాను. ఇక్కడే విజయవాడలో పిల్లల వైద్యురాలికి చూపించాము. మలంలో రక్తం లేదని పరీక్షలో తేలింది.

ఆమె వివరించినదాని ప్రకారం, నేరేడు పండుకు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లలో కొంత జీర్ణాశయం నుంచీ చిన్నపేగు నుంచీ రక్తంలోకి చేరుతుంది గానీ, రూపం మారకుండా మూత్రంలోకి వచ్చేది సాధారణంగా తిన్నదానిలో 1 శాతం కూడా ఉండదు. మిగిలినదానిలో చాలా భాగం పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల రంగులేని ఫినాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిలో కొన్ని మళ్లీ రక్తంలో కలిసి, కాలేయంలో మార్పు చెంది, మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి. రంగు కనిపించకపోయినా పదార్థం మూత్రంలోనే వెళుతోందన్న సంగతి నన్ను ఎంతో ఆశ్చర్యపరిచింది. విడిపోకుండా మిగిలిన రంగు మలంలో కనిపించింది.

బీట్‌రూట్ తిన్నప్పుడల్లా మా అత్తయ్యగారికి మూత్రం ఎర్రబడటానికి కారణం బీటలైన్లనే వేరే రంగులనీ, ఇనుము లోపం ఉన్నవారిలో అది ఎక్కువగా కనిపిస్తుందనీ చెప్పడంతో ఆవిడకు రక్తపరీక్ష చేయించాము. రిపోర్టు రేపు వస్తుంది.