కొల్లేరు అభయారణ్యం హద్దు (కాంటూరు, అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు గీత) +5 అడుగుల నుంచి +3కి తగ్గించాలా వద్దా? మీరేమంటారు

కైకలూరు_కుర్రోడు:
ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఇదే హామీ, తర్వాత ఎవడూ పట్టించుకోడు. నా మాట అయితే తగ్గించాల్సిందే. 1999లో +5 అడుగుల కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, మరి అందులో మా తాత పేరున ఉన్న జిరాయితీ (సొంత పట్టా) భూమి సంగతేంటి? చేపల చెరువు వేస్తే కేసు, అమ్ముదామంటే కొనేవాడు లేడు, పరిహారం అడిగితే ఫైలు కదలదు.

తమ్మిలేరు_గట్టు:
బాధ నిజమే తమ్ముడూ, కానీ +3 చేస్తే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి పడేది కొల్లేట్లోకే, సముద్రానికి పోయే దారేమో ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బెజవాడని ముంచిన బుడమేరు నీళ్ళు ఆ తర్వాత ఎటు దిగాయో నీకే తెలుసు. ఖాళీ జాగా ఉంటే వరద పరుచుకుంటది, గట్లేసి చేపల కోసం ముందే నింపి పెట్టుకున్న చెరువులో ఇంకేం పడతది, పక్కన వరిచేలమీదకే గదా పోయేది.

వల_బుట్ట:
మీరిద్దరూ మా సంగతి ఎత్తలేదు. 1970ల్లో సొసైటీలు పెట్టించి మా వడ్డీ కులపోళ్ళకి చేపల చెరువులిచ్చారు, కాయితంమీద పేరు మాది, లీజు బయట పెద్దోళ్ళది, మేం మా చెరువులోనే కూలీకి వల లాగాం. 2006లో పొక్లెయిన్లతో గట్లు కొట్టేశారు, సర్లే సరస్సు బాగుపడితే కొర్రమీను, వాలుగ మళ్ళీ దొరుకుతాయిలే అనుకున్నాం. కొన్నాళ్ళకి గట్లు మళ్ళీ లేచాయి, కాలవలన్నీ గుర్రపుడెక్క, పడవ కదలదు. +3 చేస్తే మాకు ఒరిగేదేంటి? లీజుదారుడికి కేసు భయం పోద్ది, అంతే.

పక్షుల_పిచ్చి:
నాదీ అదే మాట, తగ్గించొద్దు. 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అని) వచ్చిన సరస్సు ఇది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా తగ్గించొద్దనే చెప్పింది. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోడానికి చెట్లు చాలక ఇనప స్టాండ్లు పాతారు, చూశారా ఎవరైనా?

కైకలూరు_కుర్రోడు:
పక్షులకి స్టాండ్లు వేశారు సరే, మాకేం వేశారు బ్రో 😀 వల_బుట్ట అన్న చెప్పింది మాత్రం కరెక్టే, మా ఊళ్ళోనూ లీజులన్నీ ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉన్నాయి.

తమ్మిలేరు_గట్టు:
అందుకే కాంటూరు గొడవ పక్కన పెట్టండంటున్నా. జిరాయితీ రైతుకి డబ్బిచ్చి భూమి తీసుకోవాలి, డీఫారం (సర్కారు పేదలకిచ్చిన) భూముల్లో బినామీ లీజులు రద్దు చేయాలి, ఉప్పుటేరు పూడిక తీయాలి, లేకపోతే వేసవిలో ఉప్పునీళ్ళు ఎగదన్ని కొల్లేట్లోకే వస్తాయి. నీ భూమికి సరైన రేటిస్తే ఇస్తావా తమ్ముడూ?

కైకలూరు_కుర్రోడు:
ఇస్తా. కానీ ముందు సర్వే చేసి రాళ్ళు పాతమను, మాది +5 లోపలో బయటో ఇప్పటిదాకా ఒక్కొక్క ఆఫీసరు ఒక్కొక్కటి చెప్తున్నాడు.