బల్గేరియాలో ఉగాది సభకు సోఫియా నుంచి ప్లోవ్‌దివ్: రైలు సంగతి ఇక్కడే తేల్చుకుందాం

రవాణా, సోఫియా: అందరికీ నమస్కారం. ఈసారి ఉగాది గురువారం పడింది కాబట్టి, శ్రీరామనవమిని కూడా కలుపుకొని మార్చి 28 శనివారం ప్లోవ్‌దివ్‌లో చేసుకుంటున్నాం. సోఫియా నుంచి ఇప్పటికి 23 మంది తేలారు, అందులో ఏడుగురు పిల్లలు. బస్సు మాట్లాడదామని కొందరన్నారు. నిజమే, మోటార్‌వే మీద రెండు గంటల్లో దింపేస్తాడు. రైలుకైతే 156 కిలోమీటర్లకు రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఎలిన్ పెలిన్, కోస్తెనెత్స్ మధ్య లైను పనుల వల్ల ఇంకాస్త ఆలస్యం కూడా కావచ్చు. అయినా నా ఓటు రైలుకే. పిల్లలు అటూఇటూ తిరుగుతారు, బాత్రూం కోసం డ్రైవర్ని బతిమాలక్కర్లేదు. కోస్తెనెత్స్ దాటాక మరిత్సా నది పక్కనే లోయలోంచి దిగుతుంటే కిటికీ వదలబుద్ధి కాదు.

వంటలు: రైలంటే నాకూ ఇష్టమే అన్నా, కానీ గిన్నెలు, గ్రైండర్, పానకం బిందె ఎలా మోస్తాం? అవన్నీ మా కారులో పెట్టేస్తాను. ఇంకో ఇద్దరికి చోటుంటుంది. ఇంతకీ వేపపువ్వు ఎవరి దగ్గరుంది? పోయినసారి కాకరకాయ ముక్కతో సరిపెట్టాం, పిల్లలు అదే ఉగాది పచ్చడి అనుకుంటున్నారు.

ప్లోవ్‌దివ్ నుంచి ఒక మెడికో: అక్కా, అమ్మ ఎండబెట్టిన వేపపువ్వు పంపింది, నా దగ్గరుంది. రైలు గురించి ఒక్క మాట. బోర్డు మీద ప్లోవ్‌దివ్ అనే ఉంటుందని అనుకోకండి. చాలా రైళ్లు ఇక్కడ ఆగి ముందుకు పోతాయి కాబట్టి చివరి స్టేషన్ పేరు, బుర్గాస్ అనో మరొకటో వేస్తారు. సరే, బుర్గాస్ బండి ఎక్కేస్తే చాలనుకుంటే ఇంకో చిక్కుంది. బుర్గాస్‌కు రెండు దారులు. ఒకటి ప్లోవ్‌దివ్ మీదుగా, రెండోది కార్లోవో మీదుగా. నేను మొదటి సెమిస్టర్‌లో రెండోది ఎక్కాను. గంటన్నర హాయిగా నిద్రపోయి లేచి చూస్తే చుట్టూ కొండలు, ప్లోవ్‌దివ్ జాడే లేదు. కార్లోవోలో దిగి, అక్కణ్ణుంచి ప్లోవ్‌దివ్ వచ్చే చిన్న బండి కోసం ప్లాట్‌ఫాం మీద చలికి వణుకుతూ కూర్చున్నాను. కాబట్టి మధ్యలో పజర్జిక్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే మన బండే.

రవాణా: తమ్ముడూ, బంగారం లాంటి మాట చెప్పావు. ఇంకో టెన్షన్ సోఫియా స్టేషన్. అక్కడ ప్లాట్‌ఫాం నంబరు వేరు, పట్టాల నంబరు వేరు. ప్లాట్‌ఫాంకి రోమన్ అంకెలు, పైగా ఒకే ప్లాట్‌ఫాంకి తూర్పు వైపు, పడమర వైపు అని రెండు భాగాలు. సొరంగంలోంచి పైకి వచ్చేశాక తప్పని తెలిస్తే సామాన్లతో మళ్లీ దిగాలి. దారి చూపిస్తానని ఎవరైనా వెంటపడితే దండం పెట్టి వదిలేయండి, తర్వాత డబ్బులడుగుతారు. రాబోయేది పరాభవ నామ సంవత్సరమే, కానీ మొదటి పరాభవం స్టేషన్‌లోనే కానివ్వకండి! అందరం పెద్ద హాల్లో బోర్డు కింద కలుద్దాం. మెట్రో రెండో లైను సరిగ్గా స్టేషన్ దగ్గరే ఆగుతుంది.

కొత్తగా వచ్చిన ఐటీ ఉద్యోగి: అండీ, మొన్న కండక్టర్ని "ప్లోవ్‌దివ్?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కాదేమో అనుకుని దిగిపోయాను.

మెడికో: అయ్యో, అది అవుననే అండీ! ఇక్కడ అడ్డంగా ఊపితే అవును, పైకి ఎగరేస్తే కాదు. మనవాళ్లు మాట వింటూ తల ఊపినట్టే అనుకోండి. "దా" (అవును) అన్నాడా "నే" (కాదు) అన్నాడా, అది వినండి చాలు.

లెక్కలు: టికెట్లన్నీ ఒకేసారి నేనే తీస్తాను, కొన్ని ఫాస్ట్ బండ్లకు సీటు రిజర్వేషన్ తప్పనిసరి. జనవరి నుంచి ఇక్కడి పాత డబ్బు లెవాలు పోయి యూరోలు వచ్చాయి కాబట్టి చందా కూడా యూరోల్లోనే పంపండి. ఇంట్లో డబ్బాలో మిగిలిన లెవాలు నాకు అంటగట్టొద్దు, దయచేసి.

ఒక కోడలు: మా అత్తయ్యగారు కరీంనగర్ నుంచి వచ్చారు, మోకాళ్ల నొప్పి. పాత బోగీల మెట్లు చాలా ఎత్తు కదా, ప్లాట్‌ఫాం కిందికి ఉంటుంది. కారులో ఆ రెండు సీట్లూ అత్తయ్యకీ మామయ్యకీ ఇవ్వగలరా అక్కా?

వంటలు: తప్పకుండా. పానకం బిందె ఒళ్లో పెట్టుకోమని మాత్రం అడుగుతాను.

రవాణా: రాత్రి ఉండిపోయేవాళ్లకు ఒక హెచ్చరిక. శనివారం అర్ధరాత్రి దాటాక గడియారం ముందుకు జరుగుతుంది, మూడు గంటలు కొట్టే వేళకు నాలుగు అయిపోతుంది. ఆదివారం పొద్దున బండికి గోడ గడియారం నమ్ముకుంటే బండి పోతుంది, ఫోన్ చూసుకోండి. పిల్లల చేతికి ఇంకా మార్తెనిత్స దారాలు (ఇక్కడ మార్చిలో కట్టుకునే ఎరుపు తెలుపు దారాలు) ఉంటే తీయకండి, ప్లోవ్‌దివ్‌లో పూసిన చెట్టు కనబడితే దానికే కట్టిద్దాం. స్టేషన్ నుంచి ఇవాన్ వాజోవ్ వీధి పట్టుకుని నడిస్తే ఊరి మధ్యకు పావుగంట.

కోడలు: అత్తయ్య ఇప్పుడే చదివించుకున్నారు. రైలు ఎక్కకుండా దేశం చూడటమేంటి, నాకు మెట్ల దగ్గర ఇద్దరు చెయ్యిస్తే చాలంటున్నారు. కారు సీటు మామయ్యకి.

రవాణా: సరే, 24. చెయ్యందించడానికి నేనొకణ్ణి. ఇంకొకరు పేరు ఇవ్వండి.