కంప్యూటరు పదే పదే ఆగిపోతోంది, మినీడంప్ ఫోల్డరే కనబడడం లేదు

ప్రశ్న

నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు తయారుచేసే మా కంప్యూటరు నెల రోజులుగా రోజుకు రెండు మూడు సార్లు ఉన్నట్టుండి ఆగి, తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. విండోస్ తీవ్రమైన లోపంతో ఆగినప్పుడు చూపే నీలి తెర ఒక్కసారీ కనబడలేదు. అక్షరాలు దిద్దుతూ ఉండగానే మానిటరు నల్లబడుతుంది, క్యాబినెట్‌లోని ఫ్యాను చప్పుడు తెగి మళ్లీ అందుకుంటుంది, ఆ వెంటనే మదర్‌బోర్డు లోగో వస్తుంది. నిన్న ఒక పాఠశాల సంచికలో ఆరు పేజీల దిద్దుబాట్లు ఇలాగే పోయాయి.

విండోస్ 10, 16 జీబీ ర్యామ్, సీ డ్రైవ్‌గా 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫైళ్లకు డీ డ్రైవ్‌గా హార్డ్‌డిస్కు ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోకుండా ఉంటుందని ఎవరో చెబితే, ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజింగ్ ఫైలును నిరుడు డీ డ్రైవ్‌కు మార్చాను. ఆగిన క్షణంలో మెమరీలో ఉన్నదాన్ని విండోస్ దాచిపెట్టే డంప్ ఫైలు చూస్తే కారణం తెలుస్తుందని చదివి విండోస్ ఫోల్డరులో వెతికితే మినీడంప్ అనే ఫోల్డరే లేదు. విండోస్‌లో జరిగినవన్నీ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం, యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని తెలిపే కెర్నల్-పవర్ 41 అనే నమోదు వరుసగా కనబడుతోంది. బాగుచేసే అబ్బాయి విండోస్ మళ్లీ వేద్దామంటున్నాడు. ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు, ప్రింటరు అమరికలు అన్నీ తిరిగి పెట్టుకోవడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఆధారమే మిగలనప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

విండోస్ మళ్లీ వేయించకండి, కనీసం ఇప్పుడే వేయించకండి. డంప్ లేకపోవడానికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. విండోస్ డంప్ రాయబోయి రాయలేకపోవడం ఒకటి, అసలు రాసే అవకాశమే రాకుండా కరెంటు తెగిపోవడం రెండోది. మీ దగ్గర ఉన్నది ఈ రెండింటిలో ఏదో తేలితే సగం పని అయినట్టే.

మొదటిది మీ విషయంలో కచ్చితంగా ఉంది. నీలి తెర వచ్చే క్షణంలో విండోస్ ర్యామ్‌లోని సమాచారాన్ని నేరుగా డంప్ ఫైలులో రాయదు. తాను ఉన్న డ్రైవ్‌లోని పేజింగ్ ఫైలులోకి దాన్ని దింపి, యంత్రం మళ్లీ లేచాక అక్కడి నుంచి తీసి డంప్ ఫైలుగా మారుస్తుంది. ఆ పేజింగ్ ఫైలును మీరు డీ డ్రైవ్‌కు పంపేశారు కనుక దింపుకోవడానికి సీ డ్రైవ్‌లో చోటు లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో వోల్‌ఎంజీఆర్ పేరుతో 46 అనే నమోదు కూడా ఉంటే, సమస్య ఇదేనని ధ్రువపడినట్టే.

పేజింగ్ ఫైలును సీ డ్రైవ్‌కు తెచ్చి, పరిమాణాన్ని విండోస్‌కే వదిలేయండి. తర్వాత సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో స్మాల్ మెమరీ డంప్ (ఇదే మినీడంప్) ఎంచుకుని, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే గుర్తును తీసేయండి. ఆ గుర్తు ఉంటే నీలి తెర వచ్చినా చదివేలోపే మాయమవుతుంది. అమరిక పనిచేస్తోందో లేదో ఊహించుకోవద్దు, పరీక్షించండి. తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసుకుని, సిస్‌ఇంటర్నల్స్ వారి నాట్‌మైఫాల్ట్ అనే ఉచిత సాధనంతో మీరే ఒకసారి క్రాష్ చేయించండి. డంప్ వస్తే దారి బాగున్నట్టే.

ఇక 41వ నమోదు తెరిచి, డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ (నీలి తెర లోపం సంఖ్య) ఎదురుగా ఏ అంకె ఉందో రాయండి. ఈ అంకె దశాంశంలో ఉంటుంది. ఉదాహరణకు అక్కడ 292 ఉంటే, నీలి తెర మీద హెక్సాలో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 124గా కనబడే హార్డ్‌వేర్ దోషం అదే. సున్నా ఉంటే కథ వేరు, విండోస్ ఏ లోపాన్నీ నమోదు చేయలేదన్నమాట.

రెండో సమాధానం

పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను. సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో చూడండి. ఇంట్లోనో చిన్న దుకాణంలోనో వాడే యంత్రాల్లో ఖాళీ 25 జీబీ కన్నా తగ్గితే, పెద్ద మెమరీ డంప్‌ను విండోస్ తానే తీసేయవచ్చు. చెత్త తుడిచే సాఫ్ట్‌వేర్లు కూడా మినీడంప్‌లను ఊడ్చేస్తాయి. అలాంటిది ఏదైనా ఉంటే కొన్నాళ్లు ఆపండి.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. 46వ నమోదు నిజంగానే ఉంది. పేజింగ్ ఫైలు మార్చి, మీరు చెప్పిన సాధనంతో పరీక్షించాను. నీలి తెర వచ్చింది, మినీడంప్ ఫోల్డరులో ఫైలు కూడా పడింది. అయితే ఈ రోజు ఉదయం యంత్రం మళ్లీ పాత పద్ధతిలోనే ఆగింది. నీలి తెర లేదు, డంప్ లేదు, బగ్‌చెక్‌కోడ్ ఎదురుగా సున్నా ఉంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

డంప్ దారి బాగున్నా డంప్ రాలేదంటే, విండోస్‌కు తాను ఆగుతున్నట్టే తెలియలేదన్నమాట. మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకోలేదు, ఫ్యాను చప్పుడు కూడా తెగుతోంది కనుక నా అనుమానం కరెంటు మీదే. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో భాగాలకు కరెంటు అందించే పెట్టె), యూపీఎస్, ప్లగ్గు, వైరు వరుసగా చూడండి. 41వ నమోదు యంత్రం మళ్లీ లేచాక పడుతుంది. ఆగిన సమయం దాదాపుగా 6008 అనే నమోదులో ఉంటుంది. ఆ సమయాలన్నీ ఒక కాగితం మీద వేసుకుని, ఆ నిమిషాల్లో దుకాణంలో ఇంకేం నడుస్తోందో గుర్తుచేసుకోండి. ఆ యూపీఎస్‌కు ఇంకేం తగిలించారు?

ప్రశ్న అడిగినవారు

కంప్యూటరు, మానిటరు, లేజర్ ప్రింటరు. పని రాసుకునే పుస్తకంతో సమయాలు సరిపోల్చాను. పదకొండు సార్లలో తొమ్మిది సార్లు, చాలాసేపు ఊరికే ఉన్న ప్రింటరుకు మొదటి ప్రూఫు పంపిన నిమిషంలోనే ఆగింది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

అయితే దొరికినట్టే. కాగితం మీద పొడిని కరిగించి అంటించే ఫ్యూజర్ చల్లారి ఉన్నప్పుడు, మళ్లీ వేడెక్కడానికి ప్రింటరు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. 600 వీఏ అని రాసి ఉన్న మామూలు యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లే. లేజర్ ప్రింటరును బ్యాటరీ బ్యాకప్ సాకెట్టుకు తగిలించవద్దని యూపీఎస్ తయారీదారులు చెప్పేది ఇందుకే. ప్రింటరును నేరుగా గోడ ప్లగ్గుకు మార్చి వారం గమనించండి. మిగిలిన ఆ రెండు సార్లను కూడా వదిలేయకండి.

ప్రశ్న అడిగినవారు

ప్రింటరు మార్చి తొమ్మిది రోజులైంది. మూడో రోజున ప్రింటరు ఆపి ఉండగా ఒక్కసారి ఆగింది. చూస్తే ఎస్‌ఎంపీఎస్ వెనక వైరు పిన్ను వదులుగా ఉండి, వేలితో కదిలిస్తే చిటపటమంటోంది. వైరు కొత్తది వేశాక ఇంతవరకు ఆగలేదు. పేజింగ్ ఫైలును సీ డ్రైవ్‌లోనే ఉంచాను.