కుస్కో, మాచు పిచ్చు: అరవై దాటిన తల్లిదండ్రులతో వెళ్తున్నాం, ఎత్తు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: గోదారిగట్టు (డాలస్)

అందరికీ నమస్కారం. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను మే నెలలో పెరూ తీసుకువెళ్లాలనుకుంటున్నాను. నాన్నగారికి 66 ఏళ్లు, రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. అమ్మకు 61, చాలాకాలంగా షుగర్ ఉంది, మోకాళ్లు కూడా అంతంతమాత్రమే. ఏజెంటు ఇచ్చిన ప్రణాళిక ప్రకారం రాత్రి లిమాలో దిగి, తెల్లవారుజామున విమానంలో కుస్కో చేరుకుని, ఆ మధ్యాహ్నమే సక్సాయ్‌వామన్ కోట చూసి, రెండు రాత్రులు కుస్కోలో ఉండి, ఆ తరువాత కొండ మీది పాత ఇంకా శిథిల నగరం మాచు పిచ్చుకు వెళ్లాలి. అంత ఎత్తున ఉన్న మాచు పిచ్చులో ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది. నాన్నగారేమో "అలిపిరి మెట్లన్నీ నడిచి ఎక్కాను, కేదార్‌నాథ్ చూసొచ్చాను, నాకేమవుతుంది" అంటున్నారు. కేదార్‌నాథ్‌కు ఆయన హెలికాప్టర్‌లో వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికల్లా దిగివచ్చేశారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పాతబాటసారి (న్యూజెర్సీ)

మీరు భయపడవలసినది మాచు పిచ్చుకు కాదండీ, కుస్కోకు. మాచు పిచ్చు ఎత్తు 2,430 మీటర్లు. కుస్కో దాదాపు 3,400 మీటర్లు, సక్సాయ్‌వామన్ అయితే 3,700 మీటర్ల వరకు ఉంటుంది. సముద్రమట్టాన ఉన్న లిమాలో విమానం ఎక్కి, గంటన్నర తిరగకుండానే ఆ ఎత్తున దిగుతాం కాబట్టి శరీరం అలవాటుపడేందుకు వ్యవధి ఉండదు.

రెండేళ్ల క్రితం మా అత్తగారితో మేము సరిగ్గా మీ ప్రణాళికలాంటిదే పెట్టుకుని వెళ్లాం. పగలంతా ఆవిడ మాకంటే ఉత్సాహంగా నడిచారు. రాత్రి పదకొండు గంటలకు తలనొప్పి మొదలై, ఒంటిగంటకల్లా రెండుసార్లు వాంతి అయింది. హోటలువాళ్లు ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ముక్కుకు గొట్టం పెట్టాక కొంత తేరుకున్నారు గాని, మరుసటి రోజంతా మంచం దిగలేదు. అక్కడివాళ్లు దీన్ని సొరోచే అంటారు, అదేమీ వింత కాదన్నట్టే చూస్తారు.

కాబట్టి ఊళ్ల వరుసను తిరగేయండి. కుస్కో విమానాశ్రయంలో దిగగానే, అక్కడ ఆగకుండా, కారులో రెండు గంటల దూరంలో ఉన్న ఓయంతాయ్‌తాంబోకు వెళ్లిపోండి. అది 2,800 మీటర్ల ఎత్తున ఉన్న లోయ ఊరు. దారిలో చించేరో దగ్గర రోడ్డు 3,700 మీటర్లు దాటుతుంది గాని, కారులో కూర్చుని దాటిపోవడానికి, అక్కడ రాత్రి నిద్రపోవడానికి చాలా తేడా ఉంది. రెండు రాత్రుల తరువాత రైలులో, మాచు పిచ్చు కొండ కింద ఉన్న ఆగువాస్ కాలియెంతేస్ అనే ఊరికి వెళ్తే అది 2,040 మీటర్లే. అక్కడ పడుకుని, ఉదయం బస్సులో మాచు పిచ్చు చూసి, కుస్కోను చివరికి ఉంచుకోండి. అప్పటికి ఒంటికి కొంత అలవాటు వచ్చి ఉంటుంది.

సమాధానం: తెల్లకోటు (వైద్యుడిని)

పైన చెప్పిన మార్పే అన్నిటికంటే మంచి మందు. దానికి కొన్ని విషయాలు జోడిస్తాను, అయితే మీ తల్లిదండ్రులను చూసే వైద్యుడి మాటే చివరి మాటగా తీసుకోండి.

మీ నాన్నగారి కేదార్‌నాథ్ అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ గుడి 3,583 మీటర్ల ఎత్తునే ఉన్నా, ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, చాలామందికి మొదటి రాత్రి, బయటపడుతుంది. ఆయన అంతకు ముందే దిగివచ్చారు. తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు. పైగా, నడక అలవాటు మోకాళ్లకు పనికివస్తుందే తప్ప ఈ అస్వస్థతను ఆపదు. ఒంట్లో బలం ఉందనుకునేవాళ్లు మొదటి రోజే ఎక్కువ తిరిగి ఇబ్బంది తెచ్చుకోవడం కద్దు.

కుస్కో ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు మాత్రమే. అక్కడ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు వేలికి పెట్టి 88 చూసి కంగారుపడకండి, ఆరోగ్యవంతులకు కూడా అలా కనిపించవచ్చు. అంకె కంటే మనిషిని చూడండి. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం వంటివి ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, మాట తికమకపడితే, మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడవమన్నప్పుడు తూలిపోతే, అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

నివారణకు అసెటజోలమైడ్, అంటే డయామాక్స్, పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. నాన్నగారి బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉందేమో కూడా అడగండి, ఎందుకంటే డయామాక్స్ పని కూడా అదే. బీపీ మాత్ర మాత్రం మానకూడదు, ఎత్తున మొదటి రోజుల్లో బీపీ పెరుగుతుంది. అమ్మగారి విషయంలో, ఎత్తున ఆకలి మందగిస్తుంది గనుక, ఇన్సులిన్ లేదా షుగర్‌ను బాగా దించే మాత్రలు వాడుతుంటే, తిండి తగ్గి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. నీరసం, తలతిరుగుడు రాగానే అది ఎత్తు వల్లేనని సరిపెట్టుకోకుండా ముందు వేలు గుచ్చి షుగర్ చూడండి. గ్లూకోమీటరు చలికి తప్పు చూపించవచ్చు, జేబులో ఒంటికి ఆనుకునేలా పెట్టుకోవాలి. మొదటి రెండు రాత్రులు మద్యం, నిద్రమాత్రలు వద్దు.

సమాధానం: మెట్లమీదిమనిషి (హైదరాబాద్)

వైద్యుడిగారు డయామాక్స్ గురించి చెప్పారు కాబట్టి ఒక ఇబ్బంది చెప్పి తీరాలి. మాచు పిచ్చు ప్రాంగణం లోపల మరుగుదొడ్డి లేదు. ఉన్నది ప్రవేశద్వారం బయటే. నడిచే దారి ఒకవైపుకే సాగుతుంది, బయటికి వస్తే అదే టికెట్‌తో మళ్లీ పోనివ్వరు. ఆ మాత్ర వేసుకున్నవాళ్లు గేటు దాటే ముందు తప్పక వెళ్లిరావాలి.

అక్కడ నేను చూసిన అసలు ప్రమాదం ఎత్తు కాదు, మెట్లు. ఒక మెట్టు జానెడు ఉంటే పక్కది మోకాలి ఎత్తు ఉంటుంది, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏ ఆసరా ఉండదు. మేము వెళ్లిన రోజు చినుకు పడి రాళ్లు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మా అమ్మ దిగేటప్పుడు గోడవైపు తిరిగి, అడ్డంగా, పసిపిల్లలా ఒక్కొక్క కాలే దించింది. చేతికర్రలు మామూలుగా అనుమతించరు గాని, పెద్దవాళ్లకు కింద రబ్బరు తొడుగు ఉంటే ఒప్పుకుంటారు. టికెట్ తీసుకునేటప్పుడే మెట్లు తక్కువగా ఉండే దారిని అడిగి ఎంచుకోండి. దోమల మందు, టోపీ, పాస్‌పోర్టు మరవవద్దు.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి ఆరు గంటల లెక్క చదివి వినిపించాక కాస్త మెత్తబడ్డారు. మీరన్న వరుసలోనే టికెట్లు మార్చమని ఏజెంటుకు రాశాను. ఒక్క సందేహం మిగిలింది: హోటళ్లలో ఇచ్చే కొకా ఆకుల టీ తాగవచ్చా?

తెల్లకోటు:

పెరూలో అది చట్టబద్ధమే, వేడిగా కడుపులో పడితే హాయిగానే ఉంటుంది. అయితే దాన్ని మందు స్థానంలో పెట్టుకోకండి, ఎత్తు అస్వస్థతను ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. తాగిన తరువాత మూత్రపరీక్షలో కొకైన్ ఉన్నట్టు రావచ్చు. మీకు ఉద్యోగంలో అలాంటి పరీక్షలు ఉంటే మీరు తాగకపోవడమే మేలు. ఆ ఆకులనుగాని టీ పొట్లాలనుగాని అమెరికాకు తేవడం నేరం. అమ్మగారు ముచ్చటపడి సంచిలో వేసుకోకుండా తిరుగు ప్రయాణానికి ముందు ఒకసారి చూడండి.